ఫోన్ తీసుకోగానే పూనకం ఎందుకు?

పిల్లల పెంపకం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఫోన్, టీవీ, పిల్లల చిరాకు చుట్టూనే తిరిగాయి. చాలామంది 'రోజుకు ఎన్ని నిమిషాలు చూపించవచ్చు?' అని అడిగారు. ఆ లెక్క చెబుతాం. కానీ ఉత్తరాలు చదివితే అసలు గొడవ నిమిషాల దగ్గర లేదు. ఫోన్ ఎలా ఆగుతోంది, అన్నం, నిద్ర, ఓదార్పు వీటిలో దేని స్థానంలోకి వచ్చి కూర్చుంది అన్న దగ్గర ఉంది. ఏడేళ్లలోపు పిల్లల గురించి వచ్చిన కొన్ని ప్రశ్నలకు పిల్లల వైద్యులు, శిశు మనస్తత్వ నిపుణులు కలిసి జవాబులిచ్చారు.

ప్రశ్న: మా పాపకు మూడున్నరేళ్లు. సాయంత్రం వంట చేసుకునేటప్పుడు ఫోన్‌లో యూట్యూబ్ పెట్టి ఇస్తాను. గంటన్నర దాకా చూస్తుంది. తీసుకుందామంటే పూనకం వచ్చినట్టు ఊగిపోతుంది. ఫోన్ విసిరేస్తుంది, నన్ను కొరుకుతుంది. 'ఇంకో ఐదు నిమిషాలే' అని ముందే చెబుతున్నా లాభం లేదు. పది నిమిషాలయ్యాక ఏమీ జరగనట్టు ఆడుకుంటుంది. ఇది మొండితనమా, వ్యసనమా?
– ఒక తల్లి, తణుకు

జవాబు: పది నిమిషాల్లో మామూలైపోతోందన్నారు చూశారా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట అదే. పెద్ద జబ్బేమీ లేదని దానర్థం. చేస్తున్న పనిని మధ్యలో ఆపి ఇంకో పనిలోకి వెళ్లే నేర్పు మూడున్నరేళ్లకు చాలా కొంచెమే ఉంటుంది. దాన్ని నడిపించే మెదడు ముందుభాగం ఇరవై ఏళ్లు దాటాక గానీ పూర్తిగా ఎదగదు. మరోపక్క యూట్యూబ్‌కు ముగింపే లేదు. ఒకటి అయ్యేలోపు ఇంకోటి మొదలవుతుంది. ఆపడం చేతకాని వయసుకు ఆగని వస్తువునిచ్చి, తర్వాత మనమే వెళ్లి లాక్కుంటున్నాం.

'ఐదు నిమిషాలే' అన్న హెచ్చరిక పనిచేయకపోవడంలో వింతేమీ లేదు. ఆ వయసుకు ఐదు నిమిషాలంటే ఎంతో తెలియదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో చిన్నపిల్లలున్న ఇళ్లలో ఇదే గమనించారు. 'రెండు నిమిషాల్లో ఆపేయాలి' అని ముందుగా చెప్పిన సందర్భాల్లో గొడవ తగ్గకపోగా పెరిగింది. వీడియో దానంతటదే అయిపోయినప్పుడు, లేదా రోజూ అదే సమయానికి ఆపే అలవాటున్న ఇళ్లలో పిల్లలు తేలిగ్గా లేచిపోయారు. హెచ్చరిక అంటే పిల్లలకు బేరం మొదలైనట్టే.

కాబట్టి ముగింపును మీ చేతిలోంచి తీసి వీడియోకే అప్పగించండి. యూట్యూబ్‌లో వీడియో నడుస్తున్నప్పుడు తెర మీద ఒకసారి తాకితే పైభాగంలో ఆటోప్లే మీట కనిపిస్తుంది, దాన్ని ఆపేయండి. అంతకంటే మేలు, కథ మొదలై ముగిసే ఏడెనిమిది నిమిషాల వీడియోలు రెండు మూడు ముందే డౌన్‌లోడ్ చేసి, ఇంటర్నెట్ ఆపేసి అవి మాత్రమే ఇవ్వడం. యూట్యూబ్ కిడ్స్ వాడుతుంటే కింద మూలన తాళం బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కి, అడిగిన ఎక్కానికి జవాబిస్తే టైమర్ వస్తుంది. ఇరవై నిమిషాలు పెడితే సమయం కాగానే యాప్ తనే మూసుకుంటుంది. ఫోన్ కంటే గోడ మీది టీవీ నయం. అది పిల్ల చేతిలో ఉండదు గనుక లాక్కోవాల్సిన పని లేదు, ఏం చూస్తోందో వంటింట్లోంచి మీకు వినిపిస్తుంది కూడా.

చివరి నిమిషం ముఖ్యం. స్టవ్ సిమ్‌లో పెట్టి వెళ్లి పక్కన కూర్చోండి. 'ఆ కుందేలు ఎక్కడికి పోతోంది?' అని ఒక ప్రశ్న వేయండి. పాప చూపు తెర మీంచి మీ మీదికి వచ్చాక, ఆఫ్ బటన్ తనచేతే నొక్కించండి. తర్వాతి పని అప్పటికే కళ్లెదురుగా సిద్ధంగా ఉండాలి. 'ఏదైనా ఆడుకో పో' అంటే కుదరదు. గోంగూర ఆకులు తుంచే పళ్లెం, చపాతీ పిండి ముద్ద, నీళ్ల గిన్నెలో రెండు గరిటెలు, ఏదైనా చాలు. నీళ్ల గిన్నె పెడితే మీ కంటి ముందే ఉండాలి. శనగలు, వేరుశనగలు, బఠాణీలు మాత్రం వద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

అయినా ఏడుస్తుంది. ఏడ్చేటప్పుడు ఉపన్యాసం వద్దు. 'ఇంకా చూడాలనుంది, కోపం వచ్చింది' అని ఒక్క మాట అని దగ్గర్లోనే ఉండండి. కొరకబోతే చెయ్యి ఆపి 'కొరకనివ్వను' అనండి, అంతే. మొదటి మూడు నాలుగు రోజులు, కొందరిలో వారం దాకా, ఏడుపు మునుపటికంటే పెరుగుతుంది. ఇంతకుముందు పనిచేసిన ఉపాయం ఇప్పుడెందుకు పనిచేయట్లేదని పిల్ల గట్టిగా ప్రయత్నించడమే అది. చాలా ఇళ్లలో ఇక్కడే తప్పిపోతుంది. మూడు రోజులు ఓర్చుకుని నాలుగో రోజు చుట్టాలున్నారనో, తలనొప్పిగా ఉందనో ఫోన్ ఇచ్చేస్తారు. ఇంకాస్త ఎక్కువసేపు ఏడిస్తే దొరుకుతుందన్న పాఠం ఆ ఒక్కరోజే పడిపోతుంది. పండగలు, ప్రయాణాలు లేని వారం చూసుకుని మొదలుపెట్టండి. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉంటేనే మొదలుపెట్టండి.

ఇక నిమిషాల లెక్క. రెండేళ్లలోపు స్క్రీన్ వద్దు, రెండు నుంచి ఐదేళ్ల దాకా అన్నీ కలిపి రోజుకు గంటకు మించకూడదు, ఇంకా తగ్గితే మేలు అని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనలూ దాదాపు అవే. హాల్లో నాన్నమ్మ సీరియల్ నడుస్తుంటే పాప అక్కడే కూర్చుని చూసేదీ ఆ గంటలోకే వస్తుంది.

ప్రశ్న: మా మనుమడికి రెండేండ్లు నిండినయి. కొడుకు, కోడలు డ్యూటీకి పోతే నేనే చూసుకుంట. ఫోన్‌ల బొమ్మలు పెడితేనే నోరు తెరుస్తడు. అన్నం పెట్టనీకి గంట పడ్తది. ఫోన్ బంద్ చేస్తే ముద్ద ఉమ్మేస్తడు. బక్కగున్నడు, దినమంతా చికాకే. పాలు మాత్రం సీసాతోని నాలుగైదు సార్లు తాగుతడు. ఏం జెయ్యాలె?
– ఒక నాయనమ్మ, కరీంనగర్ జిల్లా

జవాబు: అమ్మా, ఫోన్ సంగతికి ముందు పాలసీసా సంగతి చూద్దాం. సీసాకు 200 మిల్లీలీటర్ల లెక్కన ఐదుసార్లంటే లీటరు పాలు. రెండేళ్ల పిల్లవాడికి రోజుకు అరలీటరు దాటకూడదు. కడుపు పాలతో నిండిపోయినవాడికి ఆకలెక్కడిది? ఆకలి లేనివాడి చేత తినిపించడానికే ఫోన్ అవసరం పడింది. పైగా పాలల్లో ఇనుము దాదాపు ఉండదు, తిన్న ఇనుమును ఒంటికి పట్టనీయవు కూడా. ఇనుము తగ్గిన పిల్లలకు ఆకలి మందగిస్తుంది, నిద్ర సరిగా పట్టదు, ఊరికే చిరాకు పడతారు. మీరు రాసిన లక్షణాలన్నీ ఇవే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల పిల్లల్లో ప్రతి ముగ్గురిలో ఇద్దరికి రక్తహీనత ఉంది. కాబట్టి ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ వయసులో 11 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. ఆశా కార్యకర్త, ఏఎన్ఎంల ద్వారా ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు, రక్తం తగ్గకుండా ఉండటానికి. ఇప్పటికే తగ్గి ఉంటే డోసు వేరు, అది డాక్టరు రాయాలి. సిరప్ పాలతో కలిపి ఇవ్వకండి. విరేచనం నల్లగా వస్తే కంగారుపడకండి.

పాలు రోజుకు రెండుసార్లకు తగ్గించండి, అదీ గ్లాసుతో. రాత్రి సీసా నోట్లో పెట్టుకుని పడుకునే అలవాటుంటే పళ్లు పుచ్చిపోతాయి, ముందు అది మాన్పించండి.

ఫోన్‌ను మూడు పూటలా ఒక్కసారే తీసేయొద్దు. వాడికి బాగా ఆకలేసే పూట ఏదో చూడండి, చాలామందికి అది మధ్యాహ్నమే. ఆ పూటకు రెండు గంటల ముందు నుంచి పాలు, బిస్కెట్, చిప్స్ ఏమీ వద్దు, నీళ్లు మాత్రం ఇవ్వండి. మీరు కూడా పళ్లెం పెట్టుకుని కింద వాడి పక్కనే కూర్చోండి. వాడి పళ్లెంలో నాలుగే ముద్దలు పెట్టండి, వాడి చేత్తోనే తిననివ్వండి. సగం కింద పడుతుంది, పడనివ్వండి. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలయ్యాక తిన్నా తినకున్నా తిట్టకుండా పళ్లెం తీసేయండి. మళ్లీ తర్వాతి పూటే. మధ్యలో 'అయ్యో ఏం తినలేదు' అని పాలసీసా ఇస్తే అంతా మొదటికొస్తుంది. ఈ ఒక్క పూట కుదిరాక, వారం పది రోజులకు రెండో పూట. రెండు మూడు రోజులు తక్కువ తిన్నా ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి ప్రమాదం లేదు. కానీ మూత్రం తగ్గినా, నీరసంగా పడుకుండిపోయినా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఎంత తినాలన్నది కూడా చూడండి. పావులీటరు పట్టే గిన్నెలో ముప్పావు వంతు నుంచి గిన్నెడు, అది ఈ వయసుకు ఒక పూట భోజనం. పెద్దవాళ్ల కంటికి అది ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. బక్కగున్నాడో లేదో కంటితో తేల్చొద్దు. అంగన్‌వాడీలో బరువు తూచి, తల్లీబిడ్డల కార్డులోని గ్రాఫ్‌లో గీత ఎటు పోతోందో అడగండి.

చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టడం కూడా మాయ చేయడమే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ అక్కడ పెట్టే మనిషి పిల్లవాడి మొహం చూస్తుంది, చాలనగానే ఆపుతుంది. ఫోన్ ముందు వాడికి కడుపు నిండిందీ తెలియదు, నమిలిందీ తెలియదు.

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. మేమిద్దరం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఎనిమిదిన్నర. రాత్రి పదకొండున్నర దాకా టీవీ ముందే ఉంటాడు. పొద్దున ఏడుకు లేపితే ఏడుపు. స్కూలు నుంచి వచ్చి రెండు నుంచి ఐదు దాకా పడుకుంటాడు. సాయంత్రమంతా చిరాకు.
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: లెక్క వేద్దాం. రాత్రి ఏడున్నర గంటలు, పగలు మూడు గంటలు, మొత్తం పదిన్నర. ఈ వయసుకు పది నుంచి పదమూడు గంటలు కావాలి గనుక నిద్ర బొటాబొటిగా సరిపోతోంది. పంపకమే చెడింది. ఐదింటి దాకా పడుకున్నవాడికి తొమ్మిదిన్నరకు నిద్ర రమ్మంటే రాదు. టీవీ లేకపోయినా రాదు. అందుకే టీవీ ఒక్కటే కట్టేసి చూసినవాళ్లు 'లాభం లేదు' అంటారు.

ముందు పగటి నిద్ర తగ్గించండి. రెండున్నరకల్లా పడుకోబెట్టి మూడున్నరకు లేపేయమని ఇంట్లో చూసుకునేవాళ్లకు చెప్పండి. లేచాక అరగంట గోలగానే ఉంటాడు. అప్పుడు టీవీ పెట్టకుండా బయటికి, ఎండ తగిలే చోటికి తీసుకెళ్లాలి. పొద్దున లేచే సమయం ఆదివారం కూడా ఏడే. రాత్రి పడుకునే సమయాన్ని రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి. పదకొండున్నర నుంచి తొమ్మిదిన్నరకు రావడానికి మూడు వారాలు పడుతుంది. ఒక్కరాత్రిలో రెండు గంటలు జరిపితే చీకట్లో దొర్లుతూ ఉంటాడు, మీకూ విసుగొచ్చి మానేస్తారు.

పడుకునే సమయానికి గంట ముందు అన్ని తెరలూ ఆగాలి, హాల్లో ట్యూబ్‌లైటు ఆపి చిన్న దీపం పెట్టాలి. చిన్నపిల్లల కంటిపాప పెద్దగా, లోపలి కటకం తేటగా ఉండటంతో పెద్దవాళ్లకంటే ఎక్కువ వెలుతురు లోపలికి పోతుంది, నిద్ర తెప్పించే మెలటోనిన్ ఊరడం తగ్గుతుంది. ఫోన్‌లో నైట్ మోడ్ పెడితే చాలనుకోవద్దు. తెర పసుపు రంగులోకి మారినా బొమ్మలు పరుగెత్తుతూనే ఉంటాయి.

ఇంకో మాట. ఎనిమిదిన్నరకు మీరు రాగానే వాడికి కావాల్సింది మీరు. బట్టలు మార్చుకుని ఇరవై నిమిషాలు, మీ ఫోన్లు కూడా వేరే గదిలో పెట్టి, వాడితోనే కూర్చోండి. అది దొరికితే పడుకోవడానికి మొరాయించడం సగం తగ్గుతుంది.

ప్రశ్న: బాబుకు 22 నెలలు. ఏబీసీడీలు, ఇంగ్లిష్ రైమ్స్ ఫోన్‌లో చూసి గడగడా చెబుతాడు. కానీ 'అమ్మా' అని పిలవడు, నీళ్లు కావాలంటే నా చెయ్యి పట్టి లాక్కెళతాడు. ఫోన్ ఆపేస్తే మాటలొస్తాయని, ఇది 'వర్చువల్ ఆటిజం' అని ఒకరు, మేనమామకూ నాలుగేళ్లకే మాటలొచ్చాయని ఇంట్లోవాళ్లు అంటున్నారు.
– విశాఖపట్నం

జవాబు: ఎవరి మాటా వినకుండా ఈ వారమే పిల్లల వైద్యుడికి చూపించండి. 'వర్చువల్ ఆటిజం' అనేది వైద్యశాస్త్రం గుర్తించిన జబ్బు పేరు కాదు. ఫోన్ చూడటం వల్ల ఆటిజం వస్తుందని తేలలేదు. ఆటిజం ఉన్న పిల్లలు తెరకు ఎక్కువగా అతుక్కుపోవడం మాత్రం ఉంది. మీ బాబుకు ఏముందో ఉత్తరం చూసి చెప్పలేం. పాఠం అప్పజెప్పడం వేరు, అడగడానికి మాట వాడటం వేరు. మీవాడిలో రెండోది కనిపించడం లేదు.

వెళ్లేముందు నాలుగు సంగతులు గమనించి రాసుకోండి. వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా? దూరంగా ఉన్న కుక్కనో విమానాన్నో వేలితో మీకు చూపిస్తాడా? తన బొమ్మను తెచ్చి మీకు చూపించి మొహంలోకి చూస్తాడా? ఉత్తుత్తి ఆటలు, అంటే ఖాళీ గ్లాసుతో తాగినట్టు చేయడం లాంటివి ఆడతాడా? మొదట వినికిడి పరీక్ష చేయిస్తారు, 'బాగానే వింటాడండీ' అని దాన్ని దాటేయొద్దు. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం ఎం-చాట్ అని ఇరవై ప్రశ్నల పరీక్ష ఉంది, అదీ అడగండి. ప్రభుత్వ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పనిచేసే డీఈఐసీల్లో, అంటే పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే జిల్లా కేంద్రాల్లో, ఈ పరీక్షలు, థెరపీ ఉచితం.

ఫోన్ పూర్తిగా ఆపేయండి, తప్పకుండా. కానీ 'ఆపి మూడు నెలలు చూద్దాం' అని కూర్చోవద్దు. రెండూ ఒకేసారి జరగాలి. నీళ్లకోసం చెయ్యి లాగినప్పుడు గ్లాసు పట్టుకుని, వాడి మొహానికి ఎదురుగా కూర్చుని 'నీళ్లు' అని ఒక్క మాట అని ఐదు సెకన్లు ఆగండి. ఏ చిన్న శబ్దం చేసినా, మీ వైపు చూసినా వెంటనే ఇచ్చేయండి. చెప్పేదాకా ఇవ్వనని పట్టుబడితే ఏడుపే మిగులుతుంది.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. పాపకు పదిహేను నెలలు. గుంటూరులో ఉన్న అమ్మమ్మ తాతయ్యలతో వీడియో కాల్ కూడా స్క్రీన్ కిందే వస్తుందా? కాల్ కట్ చేస్తే ఏడుస్తుంది.

జవాబు: రాదు. ఈ వయసుకు స్క్రీన్ వద్దనే భారత, అమెరికా పిల్లల వైద్య సంఘాలు రెండూ వీడియో కాల్‌ను మినహాయించాయి, అటు మనిషి పాపకు బదులిస్తుంది గనుక. ఐదు నుంచి పది నిమిషాలు చాలు. వేసవిలో మీ ఉదయం ఏడున్నర గుంటూరులో సాయంత్రం ఆరు, పాప నిద్ర లేచి హుషారుగా ఉండే వేళ. పెద్దవాళ్లను 'చెప్పు, చెప్పు' అని అడగొద్దనండి. దాగుడుమూతలు, చప్పట్లు, పెరట్లో కోడిపిల్లను చూపించడం, ఇవి పనికొస్తాయి. మీరు పక్కనే ఉండండి. కట్ చేసేముందు ప్రతిసారీ ఒకే పాట, ఒకే టాటా ఉంటే నెమ్మదిగా అలవాటవుతుంది. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యమవుతాయని డే కేర్‌లో ఎవరన్నా చెబితే నమ్మకండి, తెలుగు మానేయకండి.

ప్రశ్న: మేం చూపించేవి చదువు వీడియోలే. అవీ గంటలోకి వస్తాయా?
– కర్నూలు

జవాబు: వస్తాయి. పనికొచ్చేదా కాదా తెలుసుకోవాలంటే ఫోన్ ఆపి చూడండి: వీడియోలో అంకెలు చెప్పే పాప, పళ్లెంలోంచి మూడు ఇడ్లీలు లెక్కపెట్టి ఇవ్వగలదా?

ప్రశ్న: మా అబ్బాయికి 20 నెలలు. ఏదైనా కాదంటే గుక్కపెట్టి ఏడుస్తాడు. ఊపిరి ఆగిపోయి పెదాలు నీలంగా మారతాయి, ఒకసారి సొమ్మసిల్లి పడిపోయాడు. ఆ భయంతో ఏడుపు మొదలవగానే ఫోన్ ఇచ్చేస్తున్నాం. తప్పా?
– అనంతపురం

జవాబు: మీ భయం న్యాయమైనదే. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు కొందరు పిల్లల్లో ఇలా గుక్క తిరగని ఏడుపు వస్తుంది. కావాలని చేసేది కాదు, చాలామందిలో ఐదేళ్లు వచ్చేసరికి పోతుంది. అయినా మొదటిసారి వచ్చాక తప్పనిసరిగా డాక్టరుకు చూపించాలి. రక్తపరీక్ష, అవసరమైతే ఈసీజీ తీస్తారు. రక్తం తక్కువుంటే ఐరన్ మందుతో గుక్కలు చాలావరకు తగ్గుతాయి, కొందరిలో పూర్తిగా పోతాయి.

వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మొహాన నీళ్లు కొట్టడం, ఊపడం, నోట్లో వేలు పెట్టడం, చేతిలో తాళాల గుత్తి పెట్టడం ఏవీ వద్దు. నిమిషంలోపే ఊపిరి తనంతట తనే వస్తుంది. నిమిషం దాటినా, చేతులు కాళ్లు ఆగకుండా కొట్టుకుంటున్నా, ఏడుపే లేకుండా ఆడుకుంటూనో నిద్రలోనో వచ్చినా, కుటుంబంలో చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాళ్లున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, 108కి ఫోన్ చేయండి.

ఫోన్ ఇస్తే ఆ గుక్క ఆగుతుంది, అబద్ధం కాదు. మిచిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను కొన్ని నెలలపాటు గమనించి 2022లో ప్రచురించారు: ఊరుకోబెట్టడానికి తరచూ ఫోన్ ఇచ్చిన పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, అప్పటికే దుడుకుతనం ఎక్కువున్న వాళ్లలో, తర్వాత చిన్నదానికే రెచ్చిపోవడం ఎక్కువైంది. కోపం వచ్చి తగ్గడమనే సాధన వాళ్లకు జరగకపోవడం ఒక కారణం కావచ్చు.

మీవాడికి ఏడుపు పెరగకముందే, మొహం మారగానే ఎత్తుకుని చోటు మార్చండి. గదిలోంచి వరండాలోకి, వీధి కనిపించే చోటికి. ఆకలి, నిద్ర వేళల్లో 'కాదు' అనాల్సిన సందర్భాలు రాకుండా చూసుకోండి, అలాంటి వేళ బజారుకు తీసుకెళ్లొద్దు. కానీ గుక్క వస్తుందన్న భయంతో అడిగిందల్లా ఇవ్వకండి. ఇంకోసారి వస్తే పక్కనున్నవాళ్ల చేత వీడియో తీయించి డాక్టరుకు చూపించండి. ఇది గుక్కా, ఫిట్సా అన్నది మాటల్లో చెప్పిన దానికంటే ఆ ముప్పై సెకన్లు చూస్తే డాక్టరుకు బాగా తెలుస్తుంది.